ముందు ఎవరికి మోగాలి

మా చక్కెర ఫ్యాక్టరీలో ఏ విషయమైనా ముందు మేనేజింగ్ డైరెక్టరు గారికి తెలియాలి. ఆ తర్వాతే మిగతా ప్రపంచానికి. సదాశివ పట్నాయక్ గారు ఎం.డి.గా వచ్చిన వారంలోనే పెట్టిన నిబంధన ఇది. అంతకుముందు మా దగ్గర విషయాలు ఎవరికి పడితే వారికి తెలిసిపోతూ ఉండేవి. బాయిలరు ఆగితే బాయిలరు పక్కన నిలబడ్డవాడికి తెలిసేది. వాన పడితే ఆరుబయట ఉన్నవాడికి తెలిసేది. ఈ అరాచకం చూసి ఆయన చలించిపోయారు.

మొట్టమొదట భోజనాల సైరను బాగుపడింది. అది ముందు ఎం.డి. గారి గదిలో సన్నగా మోగేది. ఆయన తల ఊపితే అటెండరు వరండాలోకి వచ్చి చెయ్యి ఊపేవాడు. అప్పుడు ఫ్యాక్టరీ మొత్తానికి మోగేది. ఆయన ఫోనులో ఉన్న రోజున మాకు ఆకలి వేసేది కాదు. వేసినా అది అధికారికం కాదు. ప్యాకింగ్ సెక్షన్‌లో ఒకాయనకు కూతురు పుడితే, ఆ సంగతి ముందు అత్తగారికి చెప్పి తర్వాత సెలవు చీటీలో రాశాడు. పిల్లకు పేరు పెట్టేలోపే అతనికి మందలింపు అందింది.

నేను అక్కడ ఇన్‌స్ట్రుమెంట్ ఫోర్‌మన్‌ని. ఎక్కడ ఎంత వేడి ఉంది, ఏ ట్యాంకులో ఎంత సరుకు ఉంది అని చూపించే మీటర్లన్నీ నా బాధ్యత. మీటర్లకు మర్యాద తెలియదు. ఎవరు చూస్తే వాళ్ళకు చెప్పేస్తాయి. అందువల్ల ఈ గొడవలో నేను ఇరుక్కోక తప్పలేదు.

గొడవకు మూలం మడ్డి ట్యాంకు. చెరకు రసంలోంచి పంచదార తీసేశాక మిగిలే నల్లటి పాకాన్ని కాగితాల మీద మొలాసిస్ అంటారు, నోటితో మడ్డి అంటాం. దాన్ని పంపుతో ఎత్తి పెద్ద ఇనుప ట్యాంకులో నింపుతారు. ఆ ట్యాంకు కిందే, గోడకు ఆనుకుని, సన్యాసమ్మ క్యాంటీను ఉండేది. రేకుల కప్పు, నాలుగు బెంచీలు, ఒక టీ బాయిలరు, పెనం, రుబ్బురోలు. ఆమె భర్త మా మిల్లు హౌసులో పనిచేస్తూ పోయాడు. ఆయన పోయినందుకు ఫ్యాక్టరీ ఆమెకు ఇచ్చింది ఆ రేకుల షెడ్డు ఒక్కటే.

కిందటి సీజనులో పంపు ఆపేవాడు కునుకు తీస్తే ట్యాంకు పొంగింది. మడ్డి నీళ్ళలా ఉరుకుతూ రాదు. తీరుబడిగా, బరువుగా, ఇంటికి వచ్చి పాతుకుపోయే దూరపు చుట్టంలా వస్తుంది. క్యాంటీనంతా మోకాలి లోతున నిండింది. బెంచీలు అతుక్కుపోయాయి. మినప్పిండి నల్లబడింది. తర్వాత నెల్లాళ్ళు జిల్లాలో ఉన్న చీమలన్నీ అక్కడే కాపురం పెట్టాయి. సన్యాసమ్మ వెళ్ళి ఎం.డి. గారి కారుకు అడ్డంగా కూర్చుంది.

"ఇంకోపాలి పొంగితే నా వల్ల కాదు బాబూ. బాయిలరు కడుక్కోడానికే నా పేణం పోయింది. ఆ ట్యాంకుకి ఏదో ఒక గంటైనా కట్టండి, నిండితే మోగేలాగ. నాను కూకున్న కాడ్నుంచి నెగిసి పోతాను," అంది.

ఆమె అడిగిన గంట కోసమే ఫ్యాక్టరీ ఒక కొత్త యంత్రం కొంది. ఈ మాట ఎవరూ మరిచిపోకూడదు. ఆ తర్వాత నేను తప్ప అందరూ మరిచిపోయారు, నేనూ గుర్తున్నట్టు కనపడలేదు.

యంత్రం బిగించడానికి విశాఖపట్నం నుంచి హిమజ అనే ఇంజినీరమ్మాయి వచ్చింది. ట్యాంకు పైకప్పు మీద ఒక గిన్నెలాంటిది బోర్లించింది. అది కిందికి శబ్దం పంపి, మడ్డికి తగిలి తిరిగి వచ్చిన శబ్దాన్ని వింటుంది. ఎంత తొందరగా తిరిగొస్తే ట్యాంకు అంత నిండినట్టు. అది విన్నదాన్ని కంట్రోలు రూములో గోడకు బిగించిన ఒక పెట్టె లెక్కగడుతుంది. ఆ పెట్టెలో ఆరు రిలేలు ఉన్నాయి. రిలే అంటే మనిషి చెయ్యి వెయ్యకుండా దానంతట అదే పడే స్విచ్చి. ఏ మట్టానికి పడాలో, ఏ మట్టానికి లేవాలో, ఎంతసేపు ఆగి పడాలో మీటలు నొక్కి దానికి చెప్పాలి.

హిమజ ఒక పూటలో చెప్పేసింది. ట్యాంకు ఎనభై శాతం నిండితే మొదటి రిలే పడి పసుపు దీపం వెలుగుతుంది. తొంభైకి రెండో రిలే పడి పంపు షెడ్డులోనూ క్యాంటీనులోనూ గంట మోగుతుంది. అప్పటికీ ఎవరూ కదలకపోతే తొంభై అయిదుకి మూడో రిలే పడి పంపు తనే ఆగిపోతుంది. మిగతా మూడూ ఖాళీ.

"అంతేనా?" అన్నాను.

"అంతే సార్. ఇందులో పెద్ద విషయమేం లేదు," అంది. అప్పటికి ఆ అమ్మాయికి మా ఫ్యాక్టరీ తెలియదు.

మర్నాడే ట్యాంకు నిండింది. గంట మోగింది. పంపు ఆపరేటరు తవిటినాయుడు పంపు ఆపాడు. ఒక్క చుక్క కింద పడలేదు. సన్యాసమ్మ ఆ సంతోషంలో అల్లం ఎక్కువ వేసి టీ కాచి, స్వయంగా ఎం.డి. గారి గదికి పట్టుకెళ్ళింది. పంపు రీడింగుల కోసం నన్ను పిలిస్తే నేనూ అక్కడే ఉన్నాను.

"మీ దయ బాబూ. పొద్దున్న గంట మోగింది, మడ్డి ఆగిపోనాది," అంది.

ఎం.డి. గారు కప్పు నోటిదాకా తీసుకెళ్ళి కింద పెట్టేశారు. "ట్యాంకు నిండిందా?"

"నిండింది బాబూ."

"నీకు పొద్దున్నే తెలిసిందా?"

"తెలిసింది బాబూ. గంట మోగింది కదా."

ఆయన గోడగడియారం వంక చూశారు. మధ్యాహ్నం దాటింది.

సాయంత్రం సమావేశం. అధ్యక్షులు ఎం.డి. గారు. ఆయనకు కుడివైపు పరిపాలనాధికారి వైకుంఠరావు గారు. ఫ్యాక్టరీ నిబంధనలన్నీ ఆయనకు నోటికి వచ్చు, అందులో సగం ఆయన రాసినవే. ఎడమవైపు చీఫ్ ఇంజినీరు నృసింహమూర్తి గారు, చీఫ్ కెమిస్టు దాలినాయుడు గారు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కూర్చోవడంలో ఆరితేరినవారు. చివర చెరకు అధికారి, సెక్యూరిటీ అధికారి. నేను స్క్రూడ్రైవరు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను.

వైకుంఠరావు గారు గొంతు సవరించుకున్నారు. "సమాచారము అనునది పై స్థాయి నుండి దిగువ స్థాయికి క్రమానుగతముగా ప్రవహించవలసిన పదార్థము. సదరు యంత్రము ఎవరి అనుమతి పొందకయే సమాచారమును నేరుగా పంపు ఆపరేటరుకును, మరియు ఉద్యోగిని కూడా కాని ఒక టీ అమ్ముకొను స్త్రీకిని అందజేసినది. ఇది తీవ్రముగా పరిగణింపదగిన అంశము."

"మూడో రిలే సంగతి ఇంకా ఘోరం," అన్నారు ఎం.డి. గారు. "పంపును దానంతట అదే ఆపుతుందట. పంపు ఆపడం అంటే ఒక నిర్ణయం. నిర్ణయం తీసుకునే అధికారం రిలేకి ఎవరు దఖలు పరిచారు?"

అందరూ నా వైపు చూశారు. నేను స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాను.

"పైగా ఆరు రిలేలు మంజూరైతే మూడు ఖాళీగా ఉంచారు. ఇక్కడ ఆరుగురు బాధ్యతగల వ్యక్తులు ఉండగా."

అలా రిలేలు పోస్టులయ్యాయి. మొదటిది ఎం.డి. గారికి. రెండోది పరిపాలనాధికారికి. మూడోది దగ్గర చిక్కొచ్చింది. చీఫ్ ఇంజినీరు, చీఫ్ కెమిస్టు ఒకే రోజున చేరారు. నేను పొద్దున్న చేరానంటే నేను అంతకన్నా పొద్దున్నే చేరానని పాతికేళ్ళుగా వాదించుకుంటున్నారు. ఎటూ తేలక మూడో రిలేని ఇద్దరికీ కలిపి ఇచ్చారు. ఒకే రిలే, రెండు గంటలు, ఒకేసారి మోగాలి. నాలుగు చెరకు అధికారికి. మడ్డికీ ఆయనకూ సంబంధం లేదు కానీ ఆయన సర్వీసుకు సంబంధం ఉంది. అయిదు సెక్యూరిటీ అధికారికి. మిగిలిన ఆరోది, ఇంకెవరూ లేరు కాబట్టి, పంపు ఆపరేటరుకు.

"క్యాంటీనులో గంట ఉందండీ," అన్నాను నెమ్మదిగా.

"బయటి వ్యక్తులకు రిలే సౌకర్యము వర్తించదు," అన్నారు వైకుంఠరావు గారు. "ట్యాంకు పొంగిన యెడల ఆమెకు నోటీసు బోర్డు ద్వారా తెలియపరచబడును."

గంట విప్పడానికి వెళ్ళింది నేనే. సన్యాసమ్మ అట్లకాడ పట్టుకుని నిలబడి చూసింది. "అది నాకోసం కట్టిందే కదా బాబూ. నాను అడిగితేనే కదా కొన్నారు," అంది. నాకు సిగ్గేసింది. అయినా నా చెయ్యి ఆగలేదు. మరలు ఒక్కొక్కటే ఊడి వచ్చాయి.

కొత్త పద్ధతిలో పైవారికి ముందు తెలియాలి కాబట్టి ఎం.డి. గారి గంటను నలభై శాతానికి పెట్టాం. వైకుంఠరావు గారిది యాభైకి. అలా మెట్లు కట్టుకుంటూ వెళ్తే తవిటినాయుడి వంతు తొంభైకి వచ్చింది. పద్ధతి బాగానే ఉంది. ఇబ్బందల్లా ఏమిటంటే, సీజనులో ట్యాంకు ఎప్పుడూ నలభైకి తగ్గదు. ఎం.డి. గారి గదిలో గంట పొద్దుటినుంచి సాయంత్రం దాకా మోగుతూనే ఉండేది. కలెక్టరాఫీసు నుంచి వచ్చినవాళ్ళు ఏదో పూజ జరుగుతోందనుకుని చెప్పులు బయట విప్పి వచ్చారు. మూడో రోజుకి ఆయన చెవుల్లో దూది పెట్టుకున్నారు. నాలుగో రోజున నన్ను పిలిచారు.

"చిల్లర విషయాలన్నీ నాకెందుకు? ట్యాంకు నిండేటప్పుడు చెబితే చాలు."

"అలాగేనండి. మీది కూడా తొంభైకి పెడతాను."

"అప్పుడు తవిటినాయుడికి, నాకు ఒకేసారి తెలుస్తుంది."

"తెలుస్తుందండి."

ఆయన నన్ను జాలిగా చూశారు. "నాకు తెలిసింది అని నేను చెప్పాలి. చెప్పాకే రెండో గంట మోగాలి. ఆయన కూడా తెలిసిందన్నాక మూడోది. అలా చివరి దాకా. అర్థమైందా?"

అర్థమైంది. అర్థమైనందుకు కొంచెం భయం కూడా వేసింది. హిమజకు ఫోను చేశాను.

"ఒక్కో గంట దగ్గర ఒక్కో మీట పెట్టాలమ్మా. పైవారు మీట నొక్కితేనే కిందివారి రిలేకి ప్రాణం రావాలి. కుదురుతుందా?"

"కుదరడానికైతే కుదురుతుంది సార్. కానీ ఆ కబురు, ఆగాల్సిన పంపు దగ్గరికి అందరికన్నా ఆఖరున వెళ్తుంది కదా."

"అవునమ్మా. ఆపరేటరు అందరికన్నా జూనియరు."

పాపం, పెట్టెకు ఎలా చెప్పాలో చెప్పింది. చెప్పినట్టే మీటలు నొక్కాను. గంటలు, మీటలు, వైర్లు అన్నీ లాగాను. అంతా అయిందనుకుంటే చీఫ్ కెమిస్టు దాలినాయుడు గారు ఒక కొలత టేపు పట్టుకుని వచ్చారు.

"నృసింహమూర్తి గది కంట్రోలు రూముకి పక్కనే. నాది అవతలి మేడలో. నా వైరు పొడుగు. కరెంటు అతని దగ్గరికి ముందు వెళ్తుంది."

"అండీ, కరెంటు వేగానికి ఆ తేడా..."

"తేడా ఉందా, లేదా?"

శాస్త్రం ప్రకారం ఉంది. నేను అబద్ధం ఆడలేకపోయాను. చీఫ్ ఇంజినీరు గారి బల్ల కింద, దాలినాయుడు గారి వైరు ఎంత పొడుగో అంత వైరు చుట్టచుట్టి పెట్టాను. కరెంటు ఆ చుట్టలన్నీ తిరిగి తిరిగి ఆయన గంటకు చేరాలి. దాలినాయుడు గారు వచ్చి, వంగి, చుట్ట మీద చెయ్యి వేసి తృప్తిగా వెళ్ళారు. నృసింహమూర్తి గారు మాత్రం రోజూ కాలితో ఒక చుట్ట విప్పుతూ ఉండేవారు.

ఇక తవిటినాయుడు. అతని షెడ్డు ఎదురుగానే ట్యాంకు. ట్యాంకుకు నిలువునా గాజు గొట్టం ఉంది. అందులో మడ్డి ఎంతవరకు వచ్చిందో కళ్ళున్న ఎవరికైనా కనిపిస్తుంది. ఒకరోజు పైన అధికారుల మధ్య మీటలు నొక్కుడు సాగుతుండగా అతను గొట్టం వంక చూసి పంపు ఆపేశాడు. సన్యాసమ్మ బతికిపోయింది. అతను దొరికిపోయాడు.

"గంట మోగక ముందే నీకెలా తెలిసింది?" అని వైకుంఠరావు గారు నిలదీశారు.

"కనబడింది బాబూ."

"నీ చూపును ట్యాంకు వైపు మళ్ళించుటకు నీకు అనుమతి ఉన్నదా?"

మెమో వచ్చింది. ఇంకోసారి జరిగితే ఉద్యోగం ఉండదని చెప్పారు. అతని కుర్చీని ట్యాంకుకు వీపు పెట్టేలా తిప్పి, నేలలో బోల్టులు దిగగొట్టించారు. ఆ బోల్టులూ నేనే బిగించాను.

అంత పకడ్బందీ చేశాక ఒక రోజు ఎం.డి. గారు విజయవాడ వెళ్ళారు. వేగంగా సమాచారం చేరవేయడం ఎలా అనే విషయం మీద అక్కడేదో సదస్సు జరుగుతుంటే ఈయన్ని ప్రసంగించమన్నారు. ఆయన వెళ్ళిన మధ్యాహ్నం ట్యాంకు తొంభై దాటింది. తాళం వేసి ఉన్న ఆయన గదిలో గంట మోగడం మొదలైంది.

మంచి గంట అది. నేనే ఏరి కొన్నాను. మేడంతా వినబడింది. గుమాస్తాలు తలలు ఎత్తి, మళ్ళీ దించేసుకున్నారు. అందరికీ వినబడింది, ఎవరికీ తెలియలేదు. నేను వైకుంఠరావు గారి గదికి పరిగెత్తాను. ఆ రోజు ఇన్‌చార్జి ఆయనే.

"గది తాళం మీ దగ్గరే ఉంది కదండీ. ఒక్కసారి ఆ మీట నొక్కితే..."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నాకు దఖలుపడినది దైనందిన వ్యవహారములు మాత్రమే. జీతముల బిల్లుల మీద సంతకము చేయగలను. చెరకు బండ్లను లోనికి అనుమతింపగలను. కానీ అందరికన్నా ముందుగా తెలుసుకొనుట అనునది ఆ పదవికి సంబంధించిన వ్యక్తిగత హోదా. దానిని నేను ఎట్లు వినియోగింతును?"

"అండీ, క్యాంటీను మునిగిపోతుంది."

"ఏ క్యాంటీను? ఎందుకు మునుగును? నాకు ఇంకనూ ఏమియు తెలియదు." ఆ మాట అంటున్నప్పుడు ఆయన కిటికీ దగ్గరే ఉన్నారు. కిటికీలోంచి ట్యాంకు కనిపిస్తోంది. ఆయన లేచి కిటికీ తెర వేసేశారు.

విజయవాడకు ఫోను చేశాం. ఎం.డి. గారు వేదిక మీద ఉన్నారని, ఫోను ఆపేసి ఉందని, ప్రసంగం అద్భుతంగా సాగుతోందని డ్రైవరు చెప్పాడు.

నేను క్యాంటీనుకు వెళ్ళేసరికి ట్యాంకు అంచు మీద నల్లటి పెదవిలా మడ్డి ఉబ్బి నిలబడింది. సన్యాసమ్మ తల పైకెత్తి చూస్తోంది.

"ఏటి బాబూ ఇది? పొంగిపోతంది కదా. మీవోళ్ళకి తెల్దా?"

"ఇంకా తెలీదమ్మా," అన్నాను. అంతకన్నా నిజం నా దగ్గర లేదు. బాయిలరు ఒకవైపు పట్టుకున్నాను.

ఆమె బాయిలరు వదిలేసి పంపు షెడ్డుకు పరిగెత్తింది. తవిటినాయుడు ట్యాంకుకు వీపు పెట్టి కుర్చీలో బిగుసుకుపోయి ఉన్నాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"ఒరే తవిటీ, ఆ పంపు ఆపరా. నీ కాళ్ళు అట్టుకుంటాను."

"అలగనకే అప్పా." అతను కళ్ళు తెరవలేదు. "గంట మోగనేదు. నాకు తెల్దు. నాకు తెలిస్తే నా ఉజ్జోగం పోతాది. పిల్లలున్నారే."

ఆమె అతన్ని ఇంకేమీ అనలేదు. వెనక్కి వచ్చి రుబ్బురోలు దొర్లించడం మొదలుపెట్టింది. అప్పటికే మడ్డి రేకుల మీదినుంచి తెరలా జారుతోంది. మేం బాయిలరు ఒక్కటే బయటికి తేగలిగాం. పెనం పోయింది, పిండి పోయింది, బెంచీలు పోయాయి. నా చెప్పులు కూడా లోపలే నిలబడిపోయాయి, నేను వాటిలోంచి బయటికి వచ్చాను. సన్యాసమ్మ రోడ్డు మీద బాయిలరు పక్కన కూర్చుని, మోకాళ్ళ దాకా మడ్డితో, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. ఆ పంపు శబ్దం మాత్రం ఆగలేదు.

మర్నాడు పొద్దున్న ఎం.డి. గారు దిగారు. గది తాళం తీశారు. గంట విన్నారు. హుందాగా మీట నొక్కారు. వెంటనే వైకుంఠరావు గారి గంట మోగింది. ఆయన తెర తీసి, కిటికీలోంచి చూసి, "అయ్యయ్యో" అన్నారు. మీట నొక్కారు. చీఫ్ ఇంజినీరుకూ చీఫ్ కెమిస్టుకూ కచ్చితంగా ఒకేసారి మోగింది. చెరకు అధికారి నొక్కారు. సెక్యూరిటీ అధికారి నొక్కారు. తవిటినాయుడి గంట మోగింది. అతను మడ్డిలోంచి కాళ్ళు ఊడబెరుక్కుని కుర్చీలోంచి ఎగిరి పంపు ఆపాడు. ఎం.డి. గారు మీట నొక్కింది మొదలు పంపు ఆగేదాకా ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

విచారణ జరిగింది. యంత్రం లోపం లేకుండా పనిచేసిందని, ప్రతి అధికారికీ హోదా ప్రకారం, వరసక్రమంలో తెలిసిందని తేలింది. ఒక్క చోట మాత్రం క్రమం తప్పింది. సన్యాసమ్మను పిలిపించారు.

"పొంగినట్లు నీకు ఎప్పుడు తెలిసినది?" వైకుంఠరావు గారు అడిగారు.

"పొంగినప్పుడే బాబూ."

"అనగా ఎం.డి. గారి కన్నా ఒక పూట ముందు. ఎవరు తెలియజేసిరి?"

"ఎవులూ సెప్పనేదు. కాళ్ళకి అంటుకున్నాది."

"ఎవరి అనుమతితో?"

సన్యాసమ్మ ఆయన్ని, ఎం.డి. గారిని, గోడకున్న గంటను వరసగా చూసింది. ఆమెకు పోవడానికి ఇంకేం మిగల్లేదు. "ఆ ట్యాంకు కింద ఎవులు కూకుంటే ఆలకే ముందు తెలుస్తాది బాబూ. అంత ముందు తెలవాలనుంటే మీరే వచ్చి ఆడ కూకోండి. నన్ను ఒగ్గేయండి."

ఎం.డి. గారు కుర్చీలోంచి లేచారు. కిటికీ దాకా నడిచారు. ట్యాంకును చాలాసేపు చూశారు.

"ఇన్నాళ్ళుగా," అన్నారు చివరికి, "ఇందరు అధికారులు ఉండి, ఒక్కరూ నాకు ఈ సలహా ఇవ్వలేదు."

వారం తిరిగేసరికి మడ్డి కడిగి, రేకులు మార్చి, నేల మీద తివాచీ పరిచి, ఎం.డి. గారి గదిని ట్యాంకు కిందికి మార్చారు. పాలిష్ బల్ల, తిరిగే కుర్చీ, పేరు బోర్డు అన్నీ దిగాయి. ఇక ఆయన కన్నా ముందు ఎవరికీ తెలిసే వీలే లేదు. పాత గది సంగతి చర్చకు వచ్చింది. ఎం.డి. కూర్చున్న గదిలో అంతకన్నా తక్కువ హోదా ఉన్న అధికారి కూర్చోకూడదు. అంత హోదా ఉన్నవారు ఇంకెవరూ లేరు. వైకుంఠరావు గారు రాత్రంతా నిబంధనలు తిరగేసి, క్యాంటీనుకు హోదా అనేదే లేదు కాబట్టి అది ఎక్కువా కాదు, తక్కువా కాదు అని తేల్చారు. సన్యాసమ్మ బాయిలరు మేడ మీదికి, ఏసీ గదిలోకి వెళ్ళింది. గోడకున్న గంట, మీట విప్పి కింద ఎం.డి. గారి కొత్త బల్ల మీద బిగించాను. రిలేలు, వరసలు అన్నీ అలాగే ఉంచమన్నారు. పద్ధతిలో లోపం లేదని విచారణలో తేలింది కదా.

సీజను ఆఖరున యంత్రం సర్వీసుకు హిమజ మళ్ళీ వచ్చింది. ఎండలో వచ్చింది కదా అని క్యాంటీనుకు తీసుకెళ్ళాను. లోపల చల్లగా ఉంది. వైకుంఠరావు గారు, నృసింహమూర్తి గారు, దాలినాయుడు గారు టీ తాగుతున్నారు. కుర్చీ బోల్టులు నేను విప్పేశాను కాబట్టి తవిటినాయుడు కూడా ఒక మూల నిలబడి వడ తింటున్నాడు. కిటికీ చాలా పెద్దది. హిమజ గ్లాసు అందుకుని బయటికి చూసింది. చూస్తూ ఉండిపోయింది.

"సార్, ట్యాంకు అంచుదాకా వచ్చేసింది."

ఎవరూ తల ఎత్తలేదు.

"పొంగుతోంది సార్. కింద ఎవరో కూర్చుని ఉన్నారు."

"అమ్మాయీ, తొందరపడి ఏమీ తెలిసికొనవద్దు," అన్నారు వైకుంఠరావు గారు గ్లాసు ఊదుకుంటూ. "మాకెవరికినీ ఇంకా తెలియదు."

"గంట మోగుతోంది కదా, ఆయన మీట నొక్కడం లేదేం?"

నేనూ కిటికీలోంచి చూశాను. ఎం.డి. గారు నొక్కాలనే చూస్తున్నారు. పైనుంచి జారిన మడ్డికి కుడి చెయ్యి బల్లకు అతుక్కుపోయింది. ఎడమ చెయ్యితో కుడి చెయ్యిని లాగుతున్నారు. తవిటినాయుడు వడ ముక్క నోట్లో పెట్టుకుని, కిటికీకి వీపు పెట్టి నిలబడ్డాడు.

సన్యాసమ్మ హిమజ దగ్గరికి వచ్చి, మరో గ్లాసు బల్ల మీద పెట్టింది. అల్లం వాసన వచ్చింది.

"కూకోమ్మా, టీ తాగు. ముందు ఆ బాబుకి పూర్తిగా తెలవనీ," అంది.